తూముకు ఇటూ అటూ

మా కాలనీలోకి దారి ఒక్కటే. చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు వెళ్లే రోడ్డులో బస్సు దిగి, పత్తి చేల మధ్య కాసేపు నడిస్తే వాగు వస్తుంది. వాగు దాటితే మా ఇళ్లు. వాగు అనడమే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో తుంగా తూటికాడా తప్ప ఏమీ కనపడవు. నేను పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో దాని మీద పాతకాలపు రాతి వంతెన ఉండేది. దాని కమానుల కిందుగా గేదెలు తల వంచకుండా నడిచిపోయేవి. ఎంత వాన పడినా నీళ్లు ఆ కమానుల్లోంచి దిగువ పొలాల్లోకి వెళ్లిపోయేవి. ఒకటి రెండు రోజులు బురద తొక్కేవాళ్లం, అంతే.

తర్వాత రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చారు. మేమంతా సంతోషపడ్డాం. కాలనీ ఆడవాళ్లం పనివాళ్లకు మజ్జిగ కూడా పంపించాం. వాళ్లు వంతెన పగలగొట్టి, దాని చోట రెండు సిమెంటు తూములు పెట్టి, పైన మట్టి పోసి తారు వేశారు. రోడ్డు నున్నగా, ఎత్తుగా తయారైంది. మా వీధులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మొదటి పెద్ద వానకి పైనుంచి కొట్టుకొచ్చిన పత్తికట్టె, మిరపకట్టె ఆ తూములకు అడ్డం పడ్డాయి. నీళ్లు వెనక్కి తన్ని మా గుమ్మాల్లోకి వచ్చాయి. వచ్చిన నీళ్లు పోవు. నల్లరేగడి నేల కదా, తాగాల్సినంత తాగాక ఇంక ఒక్క చుక్క లోపలికి తీసుకోదు. రోడ్డు మీదుగా పొర్లే ప్రవాహంలో మనిషి కాలు నిలవదు. అలాంటప్పుడు అవతల వాళ్లు అవతల, ఇవతల వాళ్లం ఇవతల.

నేను పక్క ఊళ్లో ప్రభుత్వ బడిలో టీచర్ని. మా ఆయన పేటలో స్పిన్నింగు మిల్లులో షిఫ్టు పని. మా ఇంటి గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక భార్యాభర్తలు ఉండేవాళ్లు. ఆయన పత్తి బేళ్ల లారీ డ్రైవరు, ఆమె మిరపకోతలకు వెళ్లేది. ఆయన్ని నేను అన్నయ్యా అనీ, ఆమెని వదినా అనీ పిలిచేదాన్ని. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, మేం గుడికి పోయేవాళ్లం. క్రిస్మస్‌కి వాళ్లింట్లో అరిసెలు మాకు, దసరాకి మా ఇంట్లో బూరెలు వాళ్లకు. పిల్లల్లేరు వాళ్లకి. అన్నయ్య లారీ దిగి ఇంటికొచ్చిన రోజు ఆ ఇంట్లో నవ్వులు మా వంటింట్లోకి వినపడేవి.

అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. ముందు కాళ్లు వాచాయి, లారీ ఎక్కువసేపు నడపడం వల్ల అనుకున్నారు. తర్వాత ముఖం ఉబ్బింది. గుంటూరు తీసుకెళ్తే డయాలసిస్ తప్పదన్నారు. అప్పటినుంచి రోజు విడిచి రోజు ఆయన గుంటూరు వెళ్లాల్సిందే. పొద్దున్నే ఆటో కాలనీలోకి వచ్చేది. వదిన ఆయన్ని కూర్చోబెట్టి, మోకాళ్ల మీద దుప్పటి కప్పి, తను పక్కన కూర్చునేది. పేట వరకు ఆటో, అక్కడినుంచి బస్సు. సాయంత్రం పీల్చి పిప్పి చేసినట్టు తిరిగొచ్చేవాళ్లు. ఆ రోజు వదినకు కూలి లేదు.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లు నీళ్లు తాగకూడదు. దాహం మాత్రం అందరికంటే ఎక్కువ. వదిన మా ఫ్రిజ్‌లో చిన్న గిన్నెతో నీళ్లు పెట్టి, గడ్డకట్టాక పగలగొట్టి, ఒక్కో ముక్క ఆయన నాలుక మీద పెట్టేది. ఒకరోజు నేను బడినుంచి వచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని, కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు కడుక్కోవడం చూస్తున్నాడు. "ఏంటన్నయ్యా, అట్టా చూస్తన్నావ్?" అన్నాను. "ఏం లేదమ్మా, నీళ్లు పారబోస్తుంటే చూట్టానికి బాగుంది," అని నవ్వాడు.

వాన మబ్బు పడితే చాలు, వదిన మనసు మనసులో ఉండేది కాదు. రేపు ఆసుపత్రికి వెళ్లే రోజా కాదా అని లెక్క చూసుకునేది. కాకపోతే ఊపిరి పీల్చుకునేది. వెళ్లే రోజైతే ఆ మధ్యాహ్నమే ఆయన్ని వాగు దాటించి, పేటలో తెలిసినవాళ్ల ఇంటి వరండాలో పడుకోబెట్టేది. ఒక్కోసారి వాన పడేది కాదు. ఇద్దరూ తెల్లారి ఎర్రబడ్డ కళ్లతో అటునుంచి అటే గుంటూరు వెళ్లేవాళ్లు.

"ఎన్నాళ్లిట్టా పరిగెత్తను టీచరమ్మా? ఆ తూము సంగతేందో కనుక్కుందాం పద," అంది ఒకరోజు. నేను మాట్లాడగలనని ఆమె నమ్మకం. అలా మొదలైంది మా తిరుగుడు.

ముందు సర్పంచి దగ్గరికి వెళ్లాం. ఆయన కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించాడు. "రోడ్డు పంచాయతీది కాదమ్మా. నేను వేలు పెట్టడానికి లేదు. మండలం ఆఫీసులో చెప్పండి, నేనూ ఒక మాట అంటాను," అన్నాడు. మండలం ఆఫీసులో రోడ్ల శాఖ దగ్గరికి వెళ్లమన్నారు. రోడ్ల శాఖలో ఒక పెద్దాయన మా మాట పూర్తిగా విన్నాడు. "తూములు సరిపోతాయమ్మా. వాగులో పూడిక తీయక నీళ్లు ఎగదన్నుతున్నాయి. వాగు మాది కాదు, డ్రైనేజీ వాళ్లది," అన్నాడు. డ్రైనేజీ ఆఫీసులో ఉన్నాయన ఆ మాట వినగానే కళ్లజోడు తీసేశాడు. "వంతెన పడగొట్టి పైపులు వేసిందెవరు? వాళ్లు గొంతు పిసికి, మేం ఊపిరాడనివ్వటంలేదంటే ఎట్టా?" అన్నాడు. బయటికొచ్చాక వదిన నా వైపు చూసింది. "ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంది కదా," అంది. అవును, ఇద్దరూ నిజమే చెప్పారు. అదే మా కష్టం.

ఒక ఎండాకాలంలో కుర్ర ఇంజనీరు ఒకతను చూట్టానికి వచ్చాడు. వాగు ఎండి నెర్రెలిచ్చి ఉంది. తూముల్లో కుక్క పడుకుంది. అతను అటూ ఇటూ చూసి, "నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయండీ?" అని అడిగాడు. చుట్టూ నిలబడ్డవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వారు. వదిన నవ్వలేదు. అతన్ని తన ఇంట్లోకి తీసుకెళ్లి గోడ చూపించింది. సున్నం మీద ఏటికొక మట్టి చార, ఒకదాని మీద ఒకటి. అన్నయ్య పడుకున్న మంచం కోళ్ల కింద పేర్చిన ఇటుకలు చూపించింది. అతను పై చార మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అది అతని నడుము దాకా వచ్చింది. "నాకు అర్థమైందమ్మా. అంచనాలు వేసి పైకి పంపిస్తాను," అన్నాడు. పంపించాడు కూడా. ఆ సంగతి తర్వాత ఆఫీసులో వాళ్లే చెప్పారు. కానీ పైనుంచి కదలిక రాకముందే అతనికి వేరే జిల్లాకి బదిలీ అయింది. అతని స్థానంలో వచ్చినాయన మమ్మల్ని మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు.

ఇక సోమవారాలు జిల్లా ఆఫీసులో అర్జీలు తీసుకునే చోటికి వెళ్లడం మొదలుపెట్టాం. నేను సెలవు పెట్టుకునేదాన్ని. పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడితే మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. పింఛను రానివాళ్లు, పొలం గట్టు తగాదాల వాళ్లు, కొడుకు అన్నం పెట్టడంలేదని వచ్చిన ముసలివాళ్లు. ఎవరి గోడు వాళ్లది. ఒకసారి అన్నయ్య తనూ వస్తానన్నాడు. వద్దంటే వినలేదు. "మీరు నోటితో చెబుతున్నారు. నన్ను చూస్తే చెప్పక్కర్లేదుగా," అన్నాడు. ఆటోలోంచి దింపి, గోడ పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్లాం. ఆయన్ని చూసి వరసలో వాళ్లే పక్కకి జరిగి దారి ఇచ్చారు.

ఆ రోజు కూర్చున్న అధికారి మంచివాడిలాగే ఉన్నాడు. కుర్చీ వేయించాడు. అన్నయ్య చేతిమీద డయాలసిస్ సూదులకు ఉబ్బిపోయిన నరాన్ని చూసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అన్నయ్య ఒకే మాట అడిగాడు. "వంతెన ఎప్పుడు కడతారో మీ ఇష్టం సార్. అందాకా వాన పడేటప్పుడు నన్ను వాగు అవతల పడేసే ఏర్పాటు ఒకటి చెయ్యండి. అవతలి ఒడ్డున నన్ను దింపితే చాలు, తర్వాత ఎట్టాగో నేను పోతా."

అధికారి పక్కనున్నాయనతో ఏదో చెప్పాడు. వరద వచ్చినప్పుడు పెద్ద ట్రాక్టరు పంపించాలని, ఆసుపత్రి మనిషిని ముందు దాటించాలని రాసుకున్నారు. ఒక ఫోను నంబరు ఇచ్చి, ఎప్పుడైనా చేయమన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అన్నయ్య చాలా రోజుల తర్వాత హుషారుగా ఉన్నాడు. పేట దగ్గర మిల్లు బయట లోడు కట్టుకుంటున్న లారీని చూసి, తాడు సరిగ్గా బిగించలేదని ఆ కుర్రాళ్లను కేకలేశాడు.

ఆ ఏడు తుఫాను వస్తుందని టీవీలో ముందే చెప్పారు. ఒంగోలు వైపు తీరం దాటుతుందని ఒకరు, బాపట్ల వైపని ఒకరు. మిరపచేలు పూత మీద ఉన్నాయి, పత్తి విచ్చి తీతకు సిద్ధంగా ఉంది. రైతులు దొరికిన కూలీనల్లా పట్టుకుని పత్తి తీయించుకుంటున్నారు. వదిన అన్నయ్యను ముందు రోజే పేటకు తీసుకెళ్దామనుకుంది. కానీ ఆ రోజే డయాలసిస్ చేయించుకుని వచ్చాడు, లేవలేకపోయాడు. ఎల్లుండి కదా మళ్లీ వెళ్లాల్సింది, అప్పటికి వాన తగ్గుతుందిలే అన్నాడు. పేటలో ఆ వరండా వాళ్లు కూడా ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారు. వదిన సరేనంది.

వాన తగ్గలేదు. మర్నాటికి నీళ్లు మా వీధి ఎక్కాయి. ఆ మర్నాడు వెళ్లాల్సిన రోజు. పొద్దున లేచి చూస్తే రోడ్డు కనపడలేదు. తూములున్న చోట నీళ్లు సుడి తిరుగుతున్నాయి. కట్టెలు, ప్లాస్టిక్కు పట్టాలు, చచ్చిన కోళ్లు అక్కడ కుప్పగా ఆగితే, నీళ్లు రోడ్డు మీదుగా పొర్లుతున్నాయి. మా ఇంట్లో మోకాలి లోతు. వదిన ఇంట్లో ఇటుకలు మునిగి, నీళ్లు నులకకి తగులుతున్నాయి. అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అప్పటికే ఆయాసం మొదలైంది.

నేను వాళ్లిచ్చిన నంబరుకి ఫోను చేశాను. ఎత్తారు. అది నిజం, ఎత్తలేదని అనలేను. "మా దృష్టిలో ఉందమ్మా, ట్రాక్టరు పంపిస్తున్నాం," అన్నారు. ట్రాక్టరు వచ్చింది కూడా. అవతలి ఒడ్డున ఆగింది. డ్రైవరు ప్రవాహం చూసి తల అడ్డంగా ఊపాడు. ఈ ఒడ్డునుంచి మావాళ్లు చేతులూపి రమ్మన్నారు. అతను కొంతదూరం దిగాడు. నీళ్లు ఇంజనులోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. పక్కకి ఒరుగుతుంటే అతను దూకి, అవతలివాళ్లు విసిరిన తాడు పట్టుకుని ఒడ్డెక్కాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. అతనికీ పెళ్లాం పిల్లలుంటారు. మళ్లీ ఫోను చేశాను. "పడవ అడిగాం. పడవలన్నీ తీరం వైపు పంపించారు. సాయంత్రానికి వస్తుంది. కాస్త ఓపిక పట్టండి," అన్నారు.

అంబులెన్సు కూడా వచ్చింది. అవతల నిలబడి, పైన ఎర్ర దీపం తిరుగుతూ ఉంది. అన్నయ్యను పట్టించుకోవాల్సిన మనుషులంతా అక్కడున్నారు. మధ్యలో ఉన్నది మా బడి ఆవరణ అంత వెడల్పు నీళ్లు.

చర్చి కాస్త ఎత్తు మీద ఉంది. మా ఆయనా, ఇంకో నలుగురూ అన్నయ్యను మంచంతో సహా ఎత్తి అక్కడికి తీసుకెళ్లారు. లోపల అప్పటికే సగం కాలనీ ఉంది. పిల్లలు, మేకలు, మూటలు. పాస్టరుగారు బల్ల జరిపించి ఆయనకి చోటు చేశారు. పడుకోబెడితే ఊపిరాడటం లేదు. వదిన ఆయన వెనక కూర్చుని, తన ఒంటికి ఆనించుకుంది. ఆయన ఛాతీలో నీళ్లు నిండిపోతున్న చప్పుడు పక్కనున్న నాకు వినపడుతోంది. గులగులమని, హుక్కా పీలుస్తున్నట్టు.

"దాహం," అన్నాడు. వదిన నా వైపు చూసింది. కరెంటు లేదు, ఐసు లేదు. ఎవరో సీసాలో నీళ్లిచ్చారు. వదిన మూతతో కొంచెం తీసుకుని ఆయన పెదాలు తడిపింది. ఆయన సీసా వైపు చెయ్యి చాపాడు. వదిన ఒక్క క్షణం ఆగింది. తర్వాత సీసా ఆయన చేతికి ఇచ్చేసింది. ఆయన తాగాడు. గడగడా తాగాడు, గడ్డం మీదుగా కారిపోతుంటే తుడుచుకోకుండా తాగాడు. "బాగుందే," అన్నాడు వదినతో. కిటికీలోంచి అంబులెన్సు దీపం తిరగడం ఇంకా కనపడుతూనే ఉంది. మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చిన వేళ ఆయన పోయాడు. పడవ సాయంత్రం వచ్చింది.

సమాధుల దొడ్డి కూడా మునిగింది. ఇంకెంతకాలం ఉంచగలం? నీళ్లు కొంచెం తీయగానే మెరకగా ఉన్న మూల చూసి తవ్వడం మొదలుపెట్టారు. గడ్డపార వేసిన చోటల్లా నీళ్లు ఊరాయి. బకెట్లతో తోడారు. తోడేకొద్దీ పక్కలు జారి లోపల పడుతున్నాయి. పాస్టరుగారు ప్రార్థన చదువుతూ మధ్యలో ఆగి, "ఇంకో రెండు బకెట్లు తోడండయ్యా," అన్నారు. పెట్టె దించితే అడుగు ఆనకుండా తేలింది. నలుగురు వెదుళ్లతో అదిమి పట్టుకుంటే మిగతావాళ్లు మట్టి వేశారు. మట్టి కాదు, బురద. వదిన ఏడవలేదు. పెట్టె కిందికి పోయేదాకా కళ్లార్పకుండా చూసింది. "నీళ్లలో పెట్టాను," అని ఒక్కసారి మాత్రం అంది, ఎవరితోనూ కాదు.

వరద చూట్టానికి పెద్ద అధికారి వచ్చాడు. బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్లు దింపారు. ఫొటోలు తీసేవాళ్లు ముందు నడిచారు. సర్పంచి వదినను ముందుకు తోసి, "ఈవిడ భర్తే సార్," అన్నాడు. అధికారి రెండు చేతులూ జోడించి, ప్రభుత్వం తరఫున ఏదైనా సాయం అందేలా చూస్తానన్నాడు.

"నాకేం వద్దు సార్," అంది వదిన. "మీరొకసారి తూము దగ్గరికొచ్చి నిలబడండి. అంతే."

పక్కనున్నవాళ్లు టైము లేదన్నారు. ఆయన వాళ్లను ఆపి, ప్యాంటు పైకి మడుచుకుని, బురదలో వదిన వెనక నడిచాడు. తూముల నోట్లో ఇరుక్కున్న కట్టెల మోపుల్నీ, ఇంకా ఒరిగి ఉన్న ట్రాక్టరునీ చూశాడు. "ఇక్కడ వంతెన ఉండేదా?" అని అడిగాడు. "ఉండేది సార్. మేమే మజ్జిగిచ్చి పడగొట్టించుకున్నాం," అంది వదిన. ఆయన ముఖం మాడిపోయింది. ఇంజనీర్లని అక్కడే నిలబెట్టి ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడాడు.

ఆ ఎండాకాలంలోనే పని మొదలైంది. తూములు పెకలించి, వెడల్పాటి కాంక్రీటు వంతెన కట్టారు. ఇన్నేళ్లు తిరిగితే కానిది ఒక్క వేసవిలో అయిపోయింది. ప్రారంభానికి షామియానా వేశారు, కొబ్బరికాయ కొట్టారు. వదినను స్టేజీ మీదికి పిలిచారు. వెళ్లలేదు. ఆ రోజు ఆమె కోతకు పోయింది.

వంతెన వచ్చాక మొదటి వానకి మేమంతా గొడుగులు వేసుకుని చూట్టానికి వెళ్లాం. నీళ్లు హోరుమంటూ కిందినుంచి పోతున్నాయి. మా వీధిలో చెప్పులు తడవలేదు. మగవాళ్లు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నేనూ సంతోషించాను. ఇన్ని సోమవారాలు ఊరికే పోలేదనుకున్నాను. అన్నయ్య గుర్తొచ్చి వెంటనే ఆ సంతోషం చేదుగా అయిపోయింది.

ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో మాలో ఎవరూ ఆలోచించలేదు. దిగువన, వాగు మలుపు తిరిగే చోట, కొన్ని రేకుల ఇళ్లూ గుడిసెలూ ఉన్నాయి. కూలి పని చేసుకునేవాళ్లు. తూములున్నన్నాళ్లూ నీళ్లు మా దగ్గర ఆగిపోయి, వాళ్లకి నిదానంగా చేరేవి. ఇప్పుడు ఒక్కసారిగా వెళ్లాయి. ఇన్నేళ్లలో అక్కడ వాగు పూడికతో నిండి, గట్లు రెండువైపులా పొలాల్లో కలిసిపోయి ఉంది. నీళ్లకి దారి దొరక్క ఇళ్ల మీద పడ్డాయి. వదినతో మిరపకోతకు వచ్చే ఒక ఆడమనిషి ఇల్లు అక్కడే. మొగుడు లేడు, మేకలే ఆధారం. పాకలో గుంజలకు కట్టేసి కూలికి వచ్చింది. సాయంత్రం వెళ్లేసరికి మేకలన్నీ కట్టిన చోటే, మెడ తాళ్లు బిగుసుకుని, నీళ్లలో తేలుతున్నాయి.

మర్నాడు చేలో ఆ సంగతి వదినకు చెప్పింది. మా మీద కోపంతో కాదు, వాన ఇలా చేసిందని చెప్పినట్టు చెప్పింది. వదిన చేతిలో కొడవలి అక్కడే పడేసి ఇంటికొచ్చింది. నేను బడినుంచి వచ్చేదాకా మా అరుగు మీద కూర్చుని ఉంది.

దిగువవాళ్లు ఆఫీసులకు వెళ్లారు. రోడ్ల శాఖలో "పై కాలనీ వాళ్లు గొడవ చేసి కట్టించుకున్నారు, మేమేం చేస్తాం?" అన్నారట. ఆ మాట వాళ్ల నోటినుంచి మా కాలనీకి వచ్చింది. చర్చి ముందు మావాళ్లు పోగయ్యారు. పూడిక తీయమని అడగడానికి దిగువవాళ్లతో మనమూ వెళ్దామని నేనన్నాను.

"మనకెందుకొచ్చిన గోల? వాళ్లు అర్జీలు పెడితే మళ్లీ వంతెన కింద అడ్డం కట్టిస్తారు," అన్నాడు ఒకాయన.

"వాగు పక్కన ఇళ్లెవరు వేసుకోమన్నారు వాళ్లని?" అన్నాడు ఇంకొకాయన. ఆయన ఇల్లు కూడా వాగు పక్కనే.

వదిన లేచి నిలబడింది. ఆమె అలా నలుగురిలో మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. "నా మొగుడు పోయాడు కాబట్టి వంతెన వచ్చిందని మీరే అంటన్నారు. వంతెన వచ్చింది కాబట్టి దాని మేకలు పోయాయి. మరి వాళ్లకి పూడిక తియ్యాలంటే ఇప్పుడు అక్కడెవరు పోవాలో అదీ చెప్పండి, పోయి చెప్పొస్తా," అంది. ఒక్కొక్కరే లేచి ఇళ్లకు పోయారు. ఎవరూ మాతో రాలేదు. ఆ సోమవారం నుంచి కాలనీలో కొందరు వదినతో మాటలు తగ్గించారు. నన్నూ అడిగారు, "టీచరుగారూ, మీకేం తక్కువైందండీ?" అని.

వదినా, నేనూ, దిగువవాళ్లలో ముగ్గురు నలుగురూ కలిసి మళ్లీ వరసలో నిలబడ్డాం. అర్జీ తీసుకునే గుమస్తాకి మేం పాతవాళ్లం. "మీ పని అయిపోయిందిగా అమ్మా, మళ్లీ వచ్చారేంటి?" అన్నాడు. వదిన పక్కనున్న మేకల మనిషిని ముందుకు జరిపి, "ఈ అమ్మి చెబుద్ది, వినండి," అంది. ఆ అమ్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది. అదే వాగు, అవే శాఖలు. ఊరు పేరు మాత్రం మారింది.

ఈ వేసవిలో పూడిక తీయడానికి పొక్లెయిన్ వచ్చింది. వంతెన దగ్గర మొదలుపెట్టి కొంతదూరం తవ్వుకుంటూ పోయింది. వాగు గట్టు కలిపేసి మిరప వేసుకున్న ఒక రైతు చేను దగ్గర ఆగింది. ఆ రైతు యంత్రం ముందు నిలబడ్డాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. తెగులొచ్చి రెండేళ్లు పంట పోగొట్టుకున్న మనిషి. "ఆఖరి కోత ఒకటుంది, అదైనా తీసుకోనీండి," అని బతిమాలాడు. తర్వాత గట్టు ఎక్కడుండేదో సర్వే చెయ్యాలన్నారు. సర్వే చేసేవాళ్లు వేరే పనిలో ఉన్నారన్నారు. యంత్రం కొన్నాళ్లు చేను పక్కనే నిలబడి, ఒకరోజు లారీ ఎక్కి వెళ్లిపోయింది. తవ్విన చోట నీళ్లకి ఇంకాస్త వేగం, తవ్వని చోట అదే పూడిక. దిగువవాళ్లకి ముందుకంటే నష్టమే అయింది.

మొన్న సోమవారం కూడా వెళ్లాం. ప్రతిపాదన పైకి వెళ్లిందన్నారు. తిరుగు బస్సులో వదిన కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఈమధ్య ఆమె బాగా నల్లబడింది, మోకాళ్లు పట్టేస్తున్నాయి. నా పక్కన మేకల మనిషి కూర్చుంది. పర్చూరు వైపు ఆకాశం నల్లగా ఉంది. ఆమె దాని వైపు చూస్తూ, ఈనిన పిల్లల్లో సగం ఇచ్చే లెక్కన రెండు ఆడ మేకపిల్లల్ని పాలికి తెచ్చుకున్నానని చెప్పింది.

"పాకలోనే ఉంచావా?" అని అడిగాను.

"పాకలోనేనమ్మా. ఇంకెక్కడుంది?" అంది. "కట్టెయ్యట్లేదు. వదిలేసే వస్తన్నా. పోతే పోతాయి, ఈదుకుంటే ఈదుకుంటాయి," అంది.